రొయ్య పెంకు కార్బన్‌తో సోడియం-సల్ఫర్ సెల్: పదో సైకిల్‌కే కెపాసిటీ పడిపోతుంటే ఏం మార్చాలి?

కావలి నుంచి ఒక పరిశోధక విద్యార్థి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. నెల్లూరు దగ్గరి ఎక్స్‌పోర్ట్ ప్లాంటు నుంచి వనామీ రొయ్య పెంకులు తెచ్చి ఎండబెట్టారు. నైట్రోజన్‌లో 800 డిగ్రీల దగ్గర కాల్చి, తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి కార్బన్ తీశారు. రంధ్రాల ఘనపరిమాణం గ్రాముకి 0.60 ఘన సెంటీమీటర్లు వచ్చింది. ఆ కార్బన్‌లో మొత్తం బరువులో 60 శాతం వచ్చేట్టు సల్ఫర్ కలిపి, 155 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచి నింపారు. ఎలక్ట్రోలైట్ 1 మోలార్ సోడియం పర్‌క్లోరేట్, ఇథిలీన్ కార్బనేట్-ప్రొపిలీన్ కార్బనేట్ సమపాళ్ల మిశ్రమంలో. ఎఫ్‌ఈసీ (ఫ్లోరోఇథిలీన్ కార్బనేట్ అనే చేర్పు) కలపలేదు. సల్ఫర్ గ్రాముకి మొదటి డిశ్చార్జి 910 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్లు), రెండోది 420, పదోది 180. మొదటి డిశ్చార్జి గీతలో 2.2 వోల్టుల దగ్గర చిన్న మెట్టు ఉంది. కొన్ని సెల్స్‌లో ఛార్జి 2.8 వోల్టులకు చేరకుండా గంటల తరబడి సాగుతోంది. "కోబాల్ట్ కలపమంటారా, మాక్సీన్ కలపమంటారా?" అన్నది ప్రశ్న. (మాక్సీన్ అంటే పలచటి పొరల లోహ కార్బైడ్; రెండూ ఉత్ప్రేరకాలుగా వాడేవే.)

ఇప్పుడు రెండూ వద్దు. మీ సెల్‌కి ఉత్ప్రేరకం కొరత కాదు. రంధ్రాల్లో పట్టనంత సల్ఫర్ నింపారు, ఆ సల్ఫర్‌కి పడని ఎలక్ట్రోలైట్ పోశారు. నాలుగు మార్పులు చేయండి. సల్ఫర్‌ను 30 శాతానికి దించండి. పెంకులోని సున్నాన్ని కాల్చాక కాకుండా కాల్చకముందే తీసేయండి. నింపాక కార్బన్ పైన మిగిలిన సల్ఫర్‌ను 250 డిగ్రీల దగ్గర ఆర్గాన్ ప్రవాహంతో తోలేయండి. ఎలక్ట్రోలైట్‌లో 5 శాతం ఎఫ్‌ఈసీ కలపండి. కోబాల్ట్ సంగతి ఆ తర్వాత.

ఎందుకో చెప్తాను. 300 నుంచి 350 డిగ్రీల దగ్గర నడిచే పాత సోడియం-సల్ఫర్ బ్యాటరీలో సోడియం, సల్ఫర్ రెండూ ద్రవాలే. మధ్యలో బీటా అల్యూమినా సిరామిక్ గోడ ఉంటుంది కాబట్టి సోడియం అయాన్లు తప్ప అటువి ఇటు రావు. గది ఉష్ణోగ్రత సెల్‌లో ఆ గోడ లేదు, తడిసిన గాజు పీచు కాగితం మాత్రమే ఉంది. అందుకే ఇక్కడ సల్ఫర్ ఏ రూపంలో ఉంది, ఎలక్ట్రోలైట్ ఏ జాతిది అన్న రెండింటికీ జత కుదరాలి. కుదిరే జతలు ప్రధానంగా రెండు.

మొదటి జత: మామూలు ఎనిమిది పరమాణువుల ఉంగరం సల్ఫర్, ఈథర్ ఎలక్ట్రోలైట్ (డైగ్లైమ్, టెట్రాగ్లైమ్). డిశ్చార్జిలో ముందు పొడవాటి పాలీసల్ఫైడ్‌లు (సోడియంతో కలిసిన సల్ఫర్ గొలుసులు) పుట్టి ఎలక్ట్రోలైట్‌లో కరుగుతాయి, సెల్ పసుపు, నారింజ రంగులకు తిరుగుతుంది. గీతలో 2.2 వోల్టుల దగ్గర ఒక మెట్టు, 1.65 దగ్గర ఇంకో మెట్టు కనిపిస్తాయి. ఈథర్ వాటిని కరిగించుకుంటుందే గాని నాశనం చేయదు. కాకపోతే అవి అటూ ఇటూ తిరుగుతాయి. దాన్నే షటిల్ అంటాం. ఉత్ప్రేరకాలు, పాలీసల్ఫైడ్‌ను పట్టుకునే పొరలు ఎక్కువగా పనికొచ్చేది ఈ దారిలో.

రెండో జత: రెండు నుంచి నాలుగు పరమాణువుల చిన్న సల్ఫర్‌ను 0.7 నానోమీటర్ల లోపు రంధ్రాల్లో బిగించడం, లేదా సల్ఫర్‌ను కార్బన్‌కి రసాయనికంగా కట్టేయడం, దానికి కార్బనేట్ ఎలక్ట్రోలైట్ వాడటం. ఇందులో కరిగే పాలీసల్ఫైడ్ పుట్టదు. సోడియం అయాన్ లోపలికి వెళ్లి అక్కడే సోడియం సల్ఫైడ్ చేస్తుంది. గీత 1.4 వోల్టుల చుట్టూ ఒకే ఏటవాలుగా ఉంటుంది.

మీరు మొదటి జతలోని సల్ఫర్ తీసుకుని రెండో జతలోని ఎలక్ట్రోలైట్ పోశారు. పాలీసల్ఫైడ్ అయాన్ కార్బనేట్ అణువు మీద దాడి చేసి దానికి అతుక్కుపోతుంది, ఇక వెనక్కి రాదు. ఆ సల్ఫర్ మీకు శాశ్వతంగా పోయినట్టే. 910 నుంచి ఒక్క సైకిల్‌లో 420కి పడటం అదే. 2.2 దగ్గరి చిన్న మెట్టు దానికి సాక్ష్యం. కార్బనేట్ ఎలక్ట్రోలైట్‌లో 2.2 వోల్టుల మెట్టు కనబడిందంటే రంధ్రాల బయట సల్ఫర్ ఉందని అర్థం. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష) కంటే ముందు ఈ గీతే చెప్పేస్తుంది.

ఇప్పుడు రంధ్రాల లెక్క కాగితం మీద వేయండి. 60 శాతం అంటే గ్రాము కార్బన్‌కి గ్రామున్నర సల్ఫర్. సల్ఫర్ సాంద్రత 2.07 కాబట్టి దానికి 0.72 ఘన సెంటీమీటర్ల చోటు కావాలి. మీ దగ్గరున్నది 0.60. ఎంత బాగా కరిగించి నింపినా మిగిలింది బయటే ఉండాలి. పైగా అది ఖాళీ లేకుండా కుక్కిన లెక్క. సల్ఫర్ పూర్తిగా సోడియం సల్ఫైడ్‌గా మారితే ఘనపరిమాణం దాదాపు 2.7 రెట్లవుతుంది. లిథియంతో అయితే పెరుగుదల 80 శాతమే, సోడియంతో 170 శాతం. లిథియం-సల్ఫర్ పేపర్లు చూసి 60, 70 శాతం సల్ఫర్ నింపేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. కాబట్టి 0.60ని 2.7తో భాగించండి: 0.22 ఘన సెంటీమీటర్లు. దాన్ని 2.07తో గుణిస్తే 0.46 గ్రాములు. మొత్తం బరువులో ఇది 31 శాతం. ఆ 0.60లో పెద్ద రంధ్రాల వాటా ఎక్కువుంటే ఇంకా తగ్గించాలి. రిపోర్టులో మొత్తం ఘనపరిమాణం కాదు, సూక్ష్మరంధ్రాల ఘనపరిమాణం చూసి ఈ లెక్క వేయండి.

పెంకు దగ్గర జరిగిన పొరపాటు. రొయ్య పెంకులో మూడో వంతు నుంచి సగం దాకా ఖనిజమే, అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేట్. దాన్ని లోపల పెట్టి 800 డిగ్రీలకు తీసుకెళ్తే 700 దాటాక అది సున్నంగా మారుతూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువు చుట్టూ ఉన్న కార్బన్‌ను తింటుంది. తర్వాత ఆమ్లంతో సున్నం కడిగితే దాని చోటంతా బొరియలే. ఇలా వచ్చేవి 2 నానోమీటర్ల పైబడిన రంధ్రాలు. సూపర్ కెపాసిటర్‌కి, ఈథర్ దారికి అవి మంచివే. మీరు పట్టిన కార్బనేట్ దారికి పనికిరావు. అందుకే క్రమం తిప్పండి.

పెంకుల్ని మంచినీళ్లతో మూడు నాలుగు సార్లు కడగండి. ఉప్పు గుంటల నీరు, పట్టుబడిలో నల్లమచ్చ రాకుండా వేసే సోడియం మెటాబైసల్ఫైట్ రెండూ అంటుకుని ఉంటాయి. తలకాయలు తీసేయండి, వాటిలో కొవ్వు ఎక్కువ, కాల్చేటప్పుడు ట్యూబు నిండా తారు పడుతుంది. 80 డిగ్రీల ఓవెన్‌లో ఒక రాత్రి ఆరబెట్టి, మిక్సీలో రవ్వలా పట్టండి.

50 గ్రాముల రవ్వకి 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కనీసం 750 మిల్లీలీటర్లు పట్టండి. సగటున 40 శాతం కార్బనేట్ అనుకుంటే 20 గ్రాములు, దానికే 400 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. ఒక్కసారి పోస్తే నురగ పొంగి బీకరు దాటుతుంది. రెండు లీటర్ల బీకరులో కొంచెం కొంచెంగా పోయండి. నురగ ఆగాక కూడా నాలుగు గంటలు కలుపుతూ ఉంచి, వడకట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో పీహెచ్ 7కి వచ్చేదాకా కడగండి. మిగిలింది కైటిన్, ప్రోటీన్. కైటిన్ బరువులో 6.9 శాతం నైట్రోజన్. ఈ నైట్రోజన్ కోసమే కదా ఇంత శ్రమ.

దీన్ని నైట్రోజన్ లేదా ఆర్గాన్‌లో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 500కి తీసుకెళ్లి రెండు గంటలు ఉంచండి. చల్లారాక నూరి, పొటాషియం హైడ్రాక్సైడ్ బరువుకి బరువు కలపండి. ఒకటికి ఒకటి, అంతకు మించొద్దు. ఒకటికి మూడు, నాలుగు వేస్తే ఉపరితల వైశాల్యం అంకె చూడ్డానికి బాగుంటుంది గాని రంధ్రాలు వెడల్పవుతాయి. 700 డిగ్రీలు, ఒక గంట. 800 దాటితే నైట్రోజన్ కూడా వేగంగా తగ్గిపోతుంది. నికెల్ పాత్ర వాడండి. క్వార్ట్జ్, పింగాణీ పాత్రల్ని కరిగిన హైడ్రాక్సైడ్ తినేస్తుంది. ఈ చర్యలో పొటాషియం లోహం ఆవిరిగా పుట్టి ట్యూబు చల్లని చివర పేరుకునే ప్రమాదం ఉంది. అందుకని పూర్తిగా చల్లారేదాకా గ్యాస్ ఆపొద్దు, తీసిన వెంటనే నీళ్లు పోయొద్దు. ముందు ఇథనాల్‌తో తడిపి కాసేపు ఆగి, తర్వాత నీళ్లు. ఆపైన 1 మోలార్ ఆమ్లం, మళ్లీ పీహెచ్ 7 దాకా కడుగుడు, 120 డిగ్రీల వాక్యూమ్‌లో ఒక రాత్రి ఆరబెట్టడం.

సల్ఫర్ నింపడం. 155 డిగ్రీలు అందరూ వాడేదే. ఆ దగ్గర కరిగిన సల్ఫర్ జిగట కనిష్ఠం. 159 దాటితే ఉంగరాలు తెగి గొలుసులై ఒక్కసారి పాకంలా చిక్కబడుతుంది. కానీ 155లో లోపలికి వెళ్లేది ఎనిమిది పరమాణువుల ఉంగరమే. అది 0.7 నానోమీటర్ల రంధ్రంలోకి పట్టదు. చిన్న సల్ఫర్ కావాలంటే 155 దగ్గర 12 గంటలు అయ్యాక 300 డిగ్రీల దగ్గర మరో మూడు గంటలు మూసిన పాత్రలో ఉంచాలి. టెఫ్లాన్ లైనింగ్ ఉన్న ఆటోక్లేవ్ 300కి పనికిరాదు. వట్టి స్టీలు పాత్రను సల్ఫర్ తిని ఇనుప సల్ఫైడ్ చేస్తుంది, అది మీ కెపాసిటీలో కలిసి మోసం చేస్తుంది. వాక్యూమ్ తీసి సీలు చేసిన బోరోసిలికేట్ గాజు గొట్టమే సరి. మూడో వంతుకు మించి నింపొద్దు, ఫర్నేస్‌లో స్టీలు పైపు తొడుగులో పెట్టండి.

తర్వాత పొడిని పడవ ఆకారపు చిన్న పాత్రలో పరిచి, 250 డిగ్రీల దగ్గర ఆర్గాన్ ప్రవాహంలో రెండు గంటలు. ట్యూబు చల్లని చివర లేత పసుపు పొర పడుతుంది, అది బయటి సల్ఫర్. రెండోసారి వేడి చేసినప్పుడు కొత్త పసుపు పడకపోతే పని అయినట్టు. ఈ దశలో బరువు తగ్గుతుంది కాబట్టి సల్ఫర్ శాతాన్ని కలిపిన లెక్కతో రాయొద్దు, టీజీఏతో (వేడి చేస్తూ బరువు తగ్గడాన్ని కొలిచే పరీక్షతో) కొలిచి రాయండి. బయటి సల్ఫర్ 200 నుంచి 300 డిగ్రీల మధ్యే ఎగిరిపోతుంది. సూక్ష్మరంధ్రాల్లో బిగిసింది 300 దాటాకే కదులుతుంది. టీజీఏ గీతలో రెండు మెట్లుంటే బయటిదీ లోపలిదీ విడివిడిగా లెక్క కట్టొచ్చు. ఎక్స్‌ఆర్‌డీలో 23.1, 25.8, 27.7 డిగ్రీల దగ్గర సల్ఫర్ శిఖరాలు పూర్తిగా మాయమవ్వాలి.

ఇంత చేశాక ఏం ఆశించాలి? 30 శాతం సల్ఫర్‌తో గ్రాము సల్ఫర్‌కి 600 నుంచి 800 నిలకడగా వస్తే మంచి సెల్. అయితే ఒక నిజం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. 700 అనుకుందాం. మొత్తం పొడి మీద లెక్కేస్తే గ్రాముకి 210 ఎంఏహెచ్, 1.4 వోల్టుల దగ్గర. అంటే కిలోకి 300 వాట్-అవర్లలోపే. సోడియం వనేడియం ఫాస్ఫేట్ క్యాథోడ్ 117 ఎంఏహెచ్ సైద్ధాంతిక కెపాసిటీతో, 3.4 వోల్టుల దగ్గర, కాగితం మీద 400 దాకా ఇస్తుంది. సల్ఫర్ గ్రాముకి 1675 అన్న అంకె చూసి మనం ఇటు వచ్చాం, 30 శాతం సల్ఫర్‌తో ఆ లాభమంతా కార్బన్ బరువులో పోతుంది. థీసిస్‌కి సూక్ష్మరంధ్రాల దారి మంచి పాఠం. బ్యాటరీ కావాలంటే సల్ఫర్ శాతం పెరగాలి.

అందుకే నా ఓటు ఎస్‌-పాన్‌కి. పాలీఅక్రిలోనైట్రైల్‌ను సల్ఫర్‌తో కలిపి వేడి చేస్తే సల్ఫర్ ఆ పాలిమర్ వెన్నుకి రసాయనికంగా అతుక్కుంటుంది. 40 నుంచి 45 శాతం సల్ఫర్ పడుతుంది, కార్బనేట్ ఎలక్ట్రోలైట్‌తో జత కుదురుతుంది. 42 శాతం సల్ఫర్, గ్రాము సల్ఫర్‌కి 1000 వచ్చినా పొడి మీద 420 ఎంఏహెచ్. పైన చెప్పిన దానికి రెట్టింపు. చేసే తీరు: ఒక భాగం పాలిమర్ (అణుభారం లక్షన్నర ఉన్నది సులువుగా దొరుకుతుంది), నాలుగు భాగాలు సల్ఫర్, కొంచెం ఇథనాల్‌తో తడిపి గంటసేపు నూరండి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. ఆర్గాన్‌లో నిమిషానికి 2 లేదా 3 డిగ్రీల చొప్పున 350కి తీసుకెళ్లి నాలుగు గంటలు ఉంచండి. మిగులు సల్ఫర్‌ను మళ్లీ 250 దగ్గర తోలేయండి. 450 దాటనివ్వొద్దు, కట్టుకున్న సల్ఫర్ కూడా విడిపోతుంది.

ఇందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ధారాళంగా వస్తుంది. ట్యూబు నుంచి వచ్చే గ్యాస్‌ను ముందు ఒక ఖాళీ సీసా గుండా, తర్వాత 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గుండా పంపి ఫ్యూమ్‌హుడ్‌లోకి వదలండి. ఖాళీ సీసా ఎందుకంటే, ఫర్నేస్ చల్లారేటప్పుడు ద్రావణం వెనక్కి పీల్చుకుంటే అది వేడి ట్యూబులోకి పోకుండా అక్కడ ఆగుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చి ఉన్నట్టుండి ఆగిపోతే గ్యాస్ తగ్గిందని అనుకోవద్దు. గాఢత పెరిగినప్పుడు ముక్కు దాన్ని పసిగట్టే శక్తి కోల్పోతుంది. వెంటనే బయటికి రండి.

ఎస్‌-పాన్ మొదటి డిశ్చార్జి కొన్నిసార్లు 1675 దాటుతుంది. కొత్త కనుగొలుపు అనుకోవద్దు, పాలిమర్ వెన్ను కూడా కొంత సోడియం తీసుకుంటుంది, అందులో చాలా భాగం తిరిగి రాదు. రెండో సైకిల్ నుంచే లెక్క.

ఎలక్ట్రోడ్ విషయంలో నాలుగైదు మాటలు చాలు. 70 భాగాలు మెటీరియల్, 20 కార్బన్ బ్లాక్, 10 బైండర్. పీవీడీఎఫ్ (ఫ్లోరిన్ ఉన్న పాలిమర్ బైండర్) కన్నా సోడియం సీఎంసీ (నీళ్లలో కరిగే సెల్యులోజ్ బైండర్) మెరుగు. పీవీడీఎఫ్‌ను క్షార స్వభావమున్న సల్ఫైడ్‌లు చిన్నగా చెడగొడతాయి, అంత ఉబ్బుకి అది పట్టు కూడా నిలుపుకోదు. కార్బన్ పూత ఉన్న అల్యూమినియం రేకు మీద పూయండి. రాగి రేకు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, సల్ఫర్ దాన్ని కాపర్ సల్ఫైడ్ చేసి దొంగ కెపాసిటీ చూపిస్తుంది. ఆరబెట్టడం 60 డిగ్రీల వాక్యూమ్‌లో. అంతకన్నా వేడిలో వాక్యూమ్ పెడితే బయట మిగిలిన సల్ఫర్ ఎగిరి పంపులోకి పోతుంది, మీ లోడింగ్ (చదరపు సెంటీమీటరుకి ఎంత సల్ఫర్ అన్న) లెక్క తప్పుతుంది.

ఎలక్ట్రోలైట్. 1 మోలార్ పర్‌క్లోరేట్ ఉంచుకోండి, 5 శాతం ఎఫ్‌ఈసీ కలపండి. ఎఫ్‌ఈసీ సోడియం మీద ఫ్లోరైడ్ ఎక్కువున్న పొర కడుతుంది. అది లేకుండా కార్బనేట్‌లో సోడియం లోహం ఎక్కువ రోజులు నిలవదు. ఉప్పును 80 డిగ్రీల వాక్యూమ్‌లో ఒక రాత్రి ఆరబెట్టండి. ద్రావణిని ఆరబెట్టడానికి మాలిక్యులర్ సీవ్ వాడతారు కదా, 4 ఆంగ్‌స్ట్రామ్ సీవ్ తీసుకోండి, 3 వద్దు. 3 అన్నది పొటాషియం రూపం, మీ ఎలక్ట్రోలైట్‌లోకి పొటాషియం వదులుతుంది. 4 సోడియం రూపమే కాబట్టి పేచీ లేదు. సీవ్‌ను 300 డిగ్రీల వాక్యూమ్‌లో ఆరబెట్టి గ్లవ్‌బాక్స్‌లోకి (గాలి, తేమ లేని మూసిన పెట్టెలోకి) తీసుకెళ్లండి. నవంబరులో వాయుగుండం పట్టిన వారం రోజుల్లో మన తీరంలో తేమ ఎలా ఉంటుందో తెలిసిందే. ఆ రోజుల్లో యాంటీచాంబర్‌ను (గ్లవ్‌బాక్స్‌లోకి వస్తువులు పంపే చిన్న అరను) మూడుసార్లకు బదులు ఐదుసార్లు ఖాళీ చేసి నింపండి, సెపరేటర్లను 120 డిగ్రీల నుంచి నేరుగా లోపలికి తీసుకెళ్లండి.

పర్‌క్లోరేట్ గురించి ఇంకో జాగ్రత్త. పర్‌క్లోరేట్, కార్బన్, సల్ఫర్ మూడూ కలిసి పొడిగా ఉంటే అది బాణసంచా మందుతో సమానం. విప్పిన సెల్‌లోని ఎలక్ట్రోడ్‌ను కడగకుండా ఓవెన్‌లో పెట్టొద్దు, నూరొద్దు. గ్లవ్‌బాక్స్‌లో డైమిథైల్ కార్బనేట్‌తో మూడుసార్లు కడిగి, గది ఉష్ణోగ్రతలో ఆరనివ్వండి.

ఛార్జి ఆగకుండా సాగే సెల్స్ గురించి. దీనికి రెండు కారణాలుంటాయి, గీతను పెద్దది చేసి చూస్తే తేడా తెలుస్తుంది. గీత నున్నగా, 2.2 నుంచి 2.4 మధ్య బల్లపరుపుగా సాగుతుంటే అది షటిల్. సన్నని రంపపు పళ్లలాగా వోల్టేజి ఎగిరి పడుతుంటే అది సోడియం మొనలు సెపరేటర్‌ను దాటి తాకడం. మీది కార్బనేట్, ఎఫ్‌ఈసీ లేదు కాబట్టి రెండోదే అయ్యుండాలి. ఎఫ్‌ఈసీతో పాటు సోడియం రేకు తయారీ సరి చూసుకోండి. నూనెలోని ముక్కను ఆరబెట్టిన హెక్సేన్‌తో కడిగి, ఆరు వైపులా తెల్లటి పెచ్చు కోసేయండి. లోపలి వెండి రంగు ముక్కను రెండు పాలీప్రొపిలీన్ షీట్ల మధ్య పెట్టి రోలర్‌తో వత్తండి. పైన బూడిదరంగు మచ్చ ఒక్కటి ఉన్నా కరెంటు దాని అంచున పోగై మొన అక్కడే మొలుస్తుంది. వత్తిన రేకును ఆ పూటే వాడేయండి.

ఆ రేకు మందం కూడా చూడండి. చదరపు సెంటీమీటరుకి 1 మిల్లీగ్రాము సల్ఫర్‌కి నిజంగా కావలసిన సోడియం 15 మైక్రాన్లు. చేత్తో వత్తిన రేకు 450 మైక్రాన్లుంటే 30 రెట్లు ఎక్కువ. 12 మిల్లీమీటర్ల ఎలక్ట్రోడ్‌లో 1.1 మిల్లీగ్రాము సల్ఫర్‌కి గాజు పీచు సెపరేటర్ 100 మైక్రోలీటర్ల ఎలక్ట్రోలైట్ తాగుతుంది, మిల్లీగ్రాముకి దాదాపు 90. ఇంత సోడియం, ఇంత ద్రావణి ఉంటే లోపల ఏ లోపమున్నా కొన్నాళ్లు బయటపడదు. మొదటి సెల్స్‌కి ఫరవాలేదు. మెటీరియల్ బాగుందని ప్రకటించే ముందు లోడింగ్ 3 మిల్లీగ్రాములకు పెంచి, ఎలక్ట్రోలైట్‌ను మిల్లీగ్రాముకి 15 మైక్రోలీటర్లకు దించి ఒకసారి నడపండి.

ఖాళీ కార్బన్ సెల్ తప్పనిసరి. సల్ఫర్ నింపని మీ కార్బన్‌తో అదే వోల్టేజి పరిధిలో ఒక సెల్ నడపండి. అది గ్రాముకి 120 ఎంఏహెచ్ ఇచ్చిందనుకోండి. మీ పొడిలో 70 శాతం కార్బన్, 30 శాతం సల్ఫర్. అంటే కార్బన్ ఇచ్చిన 84ను 30 శాతం మీద పంచితే సల్ఫర్ గ్రాముకి 280 ఎంఏహెచ్ సల్ఫర్‌ది కానిది లెక్కలో చేరింది. సల్ఫర్ శాతం తగ్గే కొద్దీ ఈ మోసం పెరుగుతుంది. డిశ్చార్జిని 0.8 వోల్టుల దగ్గర ఆపండి, 0.5 దాకా లాగితే కార్బన్ వాటా ఇంకా పెరుగుతుంది.

ఇక కోబాల్ట్. అది పనికిరానిదని నేను అనడం లేదు. కార్బన్ మీద విడివిడిగా అంటిన కోబాల్ట్ పరమాణువులు నాలుగు సల్ఫర్ల పాలీసల్ఫైడ్ సోడియం సల్ఫైడ్ దాకా వెళ్లే నెమ్మది దశను వేగవంతం చేస్తాయి. 2018లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన పనిలో అలాంటి సెల్ 600 సైకిళ్ల తర్వాత గ్రాముకి 508 ఎంఏహెచ్ దగ్గర నిలిచింది. కానీ కార్బన్‌లో పట్టని సల్ఫర్‌ను కోబాల్ట్ పట్టించలేదు. మీరు ఈథర్ దారికి మారితే, అప్పుడు పాత పద్ధతిలో సున్నంతో పాటే కాల్చిన మీ పెంకు కార్బన్ వృథా కాదు. దాని పెద్ద రంధ్రాలు, నైట్రోజన్ అక్కడ పనికొస్తాయి. డైగ్లైమ్‌లో 1 మోలార్ సోడియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వాడండి, ఆ ఎలక్ట్రోలైట్‌లో సోడియం మొనలు లేకుండా నున్నగా పేరుకుంటుందని 2015లో స్టాన్‌ఫర్డ్ బృందం చూపింది. అందులో ఎఫ్‌ఈసీ కలపొద్దు. ఉత్ప్రేరకం ఉన్నదీ లేనిదీ రెండు కార్బన్‌లకీ ఉపరితల వైశాల్యం దగ్గర దగ్గరగా ఉండాలి, లేకపోతే పాలీసల్ఫైడ్ ద్రావణం రంగు విరగడాన్ని చూపి ఏదీ రుజువు చేయలేరు. వైశాల్యం ఎక్కువున్న ఏ బొగ్గైనా పసుపు రంగు పీల్చేస్తుంది. సెల్‌ను పూర్తిగా ఛార్జి చేసి 72 గంటలు వదిలేసి, తర్వాత ఎంత మిగిలిందో కొలవండి. షటిల్ తగ్గిందో లేదో అది సూటిగా చెప్తుంది.

గది ఉష్ణోగ్రత అన్న మాట గురించి ఒకటి. పేపర్లలో దాని అర్థం 25 డిగ్రీలు. నెల్లూరులో రోహిణి కార్తెలో ఏసీ లేని ల్యాబ్ మధ్యాహ్నం 40 దాటుతుంది, తెల్లవారుజామున 29. కెపాసిటీ గీత రోజుకోసారి అలలాగా లేచి పడుతుంటే అది మెటీరియల్ గుణం కాదు, వాతావరణం. సైక్లర్ పక్కన ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరం పెట్టండి, వీలైతే సెల్స్‌ను 30 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచండి. బయాలజీ విభాగంలో ఒకటి ఖాళీగా ఉండే ఉంటుంది.

సోడియం ముక్కలు మిగిలితే నీళ్లలో వేయొద్దు. ఐసోప్రొపనాల్‌లో ఒక్కొక్కటిగా వేసి బుడగలు ఆగేదాకా ఆగండి, తర్వాత ఇథనాల్, చివరికి నీళ్లు. పక్కన ఎండు ఉప్పు రెండు కిలోలు డబ్బాలో మూతపెట్టి ఉంచుకోండి, సోడియం అంటుకుంటే దాన్ని కప్పడానికి. తేమ పట్టిన ఉప్పు ప్రమాదం కాబట్టి ఓవెన్‌లో ఆరబెట్టి సీలు చేయండి. నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ రెండూ ఆ మంటకి వాడకూడదు.

మీ పోస్టులో ఇసకపల్లి ఉప్పు మడులు, రొయ్య పెంకులు ఉన్న జిల్లా కాబట్టి ఇక్కడే చవగ్గా బ్యాటరీ చేయొచ్చని రాశారు. పెంకు వరకు నిజమే. ఉప్పు నుంచి సోడియం లోహం తీయడానికి మాత్రం 600 డిగ్రీల దగ్గర కరిగిన ఉప్పులో విద్యుద్విశ్లేషణ చేయాలి, దాని ఖర్చు ఉప్పు ధరలో లేదు, కరెంటులో ఉంది. పరిచయంలో ఆ వాక్యం అలా వదిలేయకుండా సరిచేయండి.

వరసగా చేయాల్సిన సెల్స్: ఖాళీ కార్బన్ ఒకటి, ఇప్పుడున్న మెటీరియల్‌కి ఎఫ్‌ఈసీ మాత్రం కలిపింది ఒకటి, కొత్త కార్బన్‌లో 30 శాతం, 40 శాతం సల్ఫర్‌వి, ఎస్‌-పాన్ ఒకటి. ఒక్కో రకం మూడేసి సెల్స్, 0.1 సీ (పది గంటల్లో పూర్తిగా డిశ్చార్జి చేసే కరెంటు) దగ్గర. 12 మిల్లీమీటర్ల ఎలక్ట్రోడ్‌లో 1.1 మిల్లీగ్రాముకి అది 0.18 మిల్లీఆంపియర్లు. 40 శాతం సెల్‌లో 2.2 మెట్టు తిరిగి కనిపిస్తే మీ కార్బన్ హద్దు 30కీ 40కీ మధ్య ఉందన్నమాట. మొదటి, రెండో, పదో సైకిల్ గీతలు, టీజీఏ, సూక్ష్మరంధ్రాల ఘనపరిమాణం ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.